పక్షలేఖకులును పాఠభేదములును
(1858 నాఁటి లింకను-డగ్లసు వాదములపై విమర్శ)

ఎన్నికల కాలమున అభ్యర్థివెంట ఊరూరఁ దిరిగి, అతని ప్రసంగములను సభలను వర్ణించి పత్రికల కంపు లేఖకులు రెండు తెఱఁగులవారు. ఏ పక్షమునందును జేరక చూచినది చూచినట్లు వ్రాయుదుమని చెప్పుకొనువారు మొదటివారు. తాము ఫలాని పక్షమువారమని ముందే ప్రకటించి, తమ యభ్యర్థి గెలుపు కొఱకే కలము పట్టినవారు రెండవవారు. ఈ రెండవ తెఱఁగువారి వ్రాఁతలను పండితులు సాధారణముగా విమర్శకు యోగ్యములుగా నెంచరు. పక్షపాతము గలవాని మాట ప్రమాణము గాదని త్రోసివేయుట సులభము. కాని యట్లు త్రోసివేసినచో, అమెరికా రాజకీయచరిత్రలో మిక్కిలి ప్రసిద్ధములైన వాదములకు మూలపాఠమే మిగులదు. ఆ పాఠము పక్షలేఖకుల చేతులమీఁదుగానే లోకమునకు వచ్చినది. అది యెట్లు వచ్చినదో, దాని నెట్లు చదువవలయునో విచారించుట ఈ వ్యాసమునకు విషయము.

1858వ సంవత్సరమున ఇల్లినాయి రాష్ట్రమునుండి అమెరికా కాంగ్రెసునందలి సెనేటు సభ్యత్వమునకై స్టీఫెన్ డగ్లసును ఏబ్రహాం లింకనును పోటీపడిరి. డగ్లసు డెమొక్రాటిక్ పక్షమువాఁడు, అప్పటికే సెనేటరు. లింకను క్రొత్తగా నేర్పడిన రిపబ్లికన్ పక్షమువాఁడు. ఆ కాలమున సెనేటరులను జనులు నేరుగా నెన్నుకొనుట లేదు. రాష్ట్ర శాసనసభ యెన్నుకొనుచుండెను. ఆ పద్ధతి 1913లో జరిగిన రాజ్యాంగ సవరణముతోఁ దొలఁగినది. అయినను శాసనసభ్యుల నెన్నుకొనువారు జనులే కాఁబట్టి, వారి మనస్సులను ద్రిప్పుటకై యిరువురును రాష్ట్రమంతటఁ బర్యటించిరి. మొదట డగ్లసు మాటాడిన చోట్లకు లింకను వెన్వెంటనే పోయి ప్రత్యుత్తర మిచ్చుచుండ, డెమొక్రాటిక్ పత్రికలు గేలిచేసినవి. పిమ్మట లింకను పిలుపుమీఁద నిరువురును ఒకే వేదికపై ఏడు పర్యాయములు వాదించుట కేర్పాటైనది.

ఈ వాదములు ఆగస్టు 21న ఒట్టావాలో మొదలై, ఫ్రీపోర్టు, జోన్సుబరో, చార్లెస్టను, గేల్సుబర్గు, క్విన్సీ పట్టణములలో సాగి, అక్టోబరు 15న ఆల్టనులో ముగిసినవి. ఒక్కొక్క వాదము మూఁడు గంటలు. మొదట నొకఁడు గంటసేపు పూర్వపక్షము చేయును. రెండవవాఁడు గంటన్నర సమాధానము చెప్పును. మరల మొదటివాఁడు అరగంట ప్రత్యుత్తర మిచ్చును. చర్చింపఁబడిన ప్రధానవిషయ మొక్కటే. బానిసత్వము దేశమునందలి క్రొత్త ప్రాంతములకు వ్యాపింపవచ్చునా, వ్యాపింపరాదా యనునది. శాస్త్రార్థసభలకు అలవడిన పండితులకు ఈ యేర్పాటు వింతగాఁ దోఁపదు. వింత యేమనఁగా, అక్కడ మధ్యస్థుఁడు లేఁడు. జయాపజయములను నిర్ణయించువారు వేలకొలఁది శ్రోతలు, వారికంటె నెక్కువగా, సభకు రాక పత్రికలలోఁ జదువుకొనినవారు.

కాఁబట్టి యా సభలలో వేదికమీఁది యిరువురికంటెను, వేదికప్రక్క బల్లయొద్ద కూర్చున్నవారి పని తక్కువది గాదు. చికాగో నగరమునుండి రెండు పత్రికలు శీఘ్రలిపి నేర్చిన లేఖకులను ఈ సభలకుఁ బంపినవి. రిపబ్లికన్ పక్షమున ‘ప్రెస్ అండ్ ట్రిబ్యూను’ పత్రికకు రాబర్ట్ హిట్టు ప్రసంగములను వ్రాసికొనెను. డెమొక్రాటిక్ పక్షమున ‘టైమ్సు’ పత్రికకు హెన్రీ బిన్మోరును జేమ్సు షెరిడనును వ్రాసికొనిరి. హొరేసు వైటు లింకనుతోఁ దిరుగుచు ట్రిబ్యూను పత్రికకు సభావర్ణనములు పంపుచుండెను. డగ్లసు ప్రత్యేకపు రైలుబండిలో, ఫిరంగిని వెంటఁ దెచ్చుకొని, అట్టహాసముగాఁ బోవుచుండెను. లింకను తఱచుగా నందఱతోఁగూడ సామాన్యపు బండిలోఁ బోవుచుండెను. లేఖకులు ఆ బండ్లలోనే తిరిగి, ఆ యెండదుమ్ములలోనే కూర్చుండి వ్రాసిరి. రాజకీయప్రసంగములను మాటకు మాట వ్రాసి, కొలఁది దినములలోనే అచ్చువేసి రాష్ట్రమంతటఁ బంచుట ఆ దేశమున నప్పటి కొక నూతనవిశేషము.

ఒకే సభ, ఒకే ప్రసంగము. పాఠములు మాత్రము రెండు. ట్రిబ్యూను పాఠమున లింకను వాక్యములు అన్వయశుద్ధి గలిగి, ధారగా సాగును. డగ్లసు వాక్యములు అచ్చటచ్చట విఱిగియుండును. టైమ్సు పాఠమున నిది తలక్రిందగును. డగ్లసు పలుకులు నున్నగా నుండును. లింకను పలుకులలోఁ గర్త యొకచోట, క్రియ యొకచోట నిలిచి, కొన్నియెడల నర్థమే తెలియరాదు. టైమ్సువారు బుద్ధిపూర్వకముగా లింకను మాటలను జెఱిచిరని ట్రిబ్యూను నిందించెను. లింకను మాటాడుటయే యట్లుండునని, ఆయనను దిద్దినవారు ట్రిబ్యూనువారేయని టైమ్సు ప్రత్యుత్తర మిచ్చెను. వ్రాఁతప్రతులను శోధించినవారికి ఈ కలహము చిరపరిచితమే. కవియందు భక్తిగల లేఖకుఁడు పద్యమును దిద్ది చెఱచును. భక్తి లేనివాఁడు పరాకున వదలి చెఱచును. రెండును దోషములే గాని, రెంటి స్వభావము వేఱు.

ఈ పాఠముల చరిత్ర మిచ్చటితో ముగియలేదు. పోటీలో లింకను ఓడెను. 1859 జనవరిలో ఇల్లినాయి శాసనసభ 54 ఓట్లతో డగ్లసునే యెన్నుకొనెను; లింకనునకు వచ్చినవి 46. కాని లింకను ఆ పత్రికాఖండములను విడువలేదు. వానిని కత్తిరించి, ఒక పుస్తకమున వరుసగా నంటించి, భద్రపఱచెను. తన ప్రసంగములకు ట్రిబ్యూను పాఠమును, డగ్లసు ప్రసంగములకు టైమ్సు పాఠమును గ్రహించెను. అనఁగా నెవరి మాటకు వారి మిత్రుల పాఠమే ప్రమాణమని యాతని నియమము. నడుమ జనులు వేసిన కేకలను, చప్పట్లను తొలఁగించెను. ఆ కూర్పును 1860లో ఒహాయో రాష్ట్రమందలి కొలంబసు పట్టణమున ఫాలెట్, ఫాస్టర్ సంస్థవారు గ్రంథముగాఁ బ్రకటించిరి. ఆ యేఁటనే లింకను దేశాధ్యక్షుఁడుగా నెన్నికయ్యెను. తన ప్రసంగములను సరిచూచుకొనుట కవకాశ మీయలేదని డగ్లసు ఆక్షేపించెను. అటుపిమ్మటఁ జిరకాలము పాఠశాలలలోఁ జదువఁబడినది ప్రధానముగా ఈ గ్రంథపాఠమే.

లింకను నియమము పైకి న్యాయముగానే కనఁబడును. ప్రతివానికిని వాని మిత్రుని పాఠమే యిచ్చినచో నెవ్వఁడు ఫిర్యాదు చేయఁగలఁడు? కాని దానివలన నేర్పడిన పాఠము, ఇరువురును పలుకఁగోరిన దానికి సాక్షి యగును గాని, ఆ దినమునఁ బలికిన దానికి సాక్షి గాదు. ఎండలో మూఁడు గంటలు నిలిచి, గొంతు చించుకొని, నడుమ ప్రశ్నించినవారికి బదులు చెప్పుచు మాటాడిన యిరువురు మనుష్యులు ఆ గ్రంథమున లేరు. తీఱికగా వ్రాసిన యిరువురు గ్రంథకర్తలున్నారు. జనుల కేకలను దీసివేయుటచేత నష్టము మఱియు నెక్కువైనది. ఏ మాటకు జనులు నవ్విరో, ఏ మాటకు కోపించిరో తెలియనిచో, ఆ మాట నేల పలికెనో తెలియదు. సందర్భము తెలియని వాక్యమునకుఁ దాత్పర్యనిర్ణయము కష్టము.

1993లో హెరాల్డ్ హోల్జరు అను పరిశోధకుఁడు దీనికి సరిగా వ్యతిరేకమైన నియమముతో నొక కూర్పును బ్రకటించెను. లింకను ప్రసంగములకు టైమ్సు పాఠమును, డగ్లసు ప్రసంగములకు ట్రిబ్యూను పాఠమును దీసికొనెను. శత్రువు దిద్దఁడు కావున, శత్రువు పాఠమే అసలు పలుకునకు దగ్గఱయని యాతని వాదము. ఈ కూర్పువలన జనుల కేకలు, వక్తల తడఁబాటులు మరల వినవచ్చినవి. అది గొప్ప యుపకారము. కాని నియమమునందు దోషము కలదు. శత్రువు దిద్దఁడనుట నిజమే. వినక వదలఁడనుటకుఁ బ్రమాణ మేమి? ప్రతిపక్షి మాటలాడునపుడు లేఖకుని శ్రద్ధ సడలుట సహజము. విఱిగిన వాక్యమంతయు వక్త విఱిచినదే యనుకొనుట, మేలైన వాక్యమంతయు మిత్రుఁడు దిద్దినదే యనుకొనుటవలెనే పొరపాటు. 2008లో నాక్సు కళాశాలయందలి లింకను అధ్యయనకేంద్రమువారు, రాడ్నీ డేవిసు, డగ్లసు విల్సను అను నిరువురి సంపాదకత్వమున, రెండు పాఠములను వాక్యమునకు వాక్యము సరిపోల్చి కూర్పు సిద్ధపఱచిరి. పాఠపరిష్కరణమున నిదియే సన్మార్గము. పండితలోకమున కిది క్రొత్త గాదు. ఏ యొక్క ప్రతిని నమ్మక, ఏ ప్రతిని విడువక, ప్రతి లేఖకుని దోషస్వభావము నెఱిఁగి పాఠమును నిర్ణయించుట.

ఇట్లు శోధించినపుడు పక్షలేఖకుని యుపయోగము స్పష్టమగును. ఒక యుదాహరణము చాలును. నీగ్రోజాతివారిని బేర్కొనుచు డగ్లసు వేదికమీఁదఁ బలికిన నీచపదమును ట్రిబ్యూను అట్లే యచ్చువేయఁగా, టైమ్సు దానిని సభ్యమైన పదముగా మార్చెనని పరిశోధకుల నిర్ణయము. మిత్రుఁడు తన నాయకుని మర్యాదను గాపాడుటకుఁ బదమును మార్చెను. శత్రువు దానిని బయలుపఱచుటకు నిలిపెను. శత్రువు ఉద్దేశము సత్యసేవ గాకపోవచ్చును. ఫలము మాత్రము సత్యమే. అట్లని సత్యమంతయు నొకవైపుననే యున్నదనరాదు. చార్లెస్టను సభలో లింకను, తెల్లవారికిని నల్లవారికిని సాంఘికముగను రాజకీయముగను సమానత్వము గలిగించుట తనకు సమ్మతము గాదని స్పష్టముగాఁ జెప్పెను. ఆ మాట ట్రిబ్యూను పాఠమునందును గలదు. బానిసత్వమును ఖండించిన మహాపురుషుని యీ మాటను నేఁటి భక్తులు మఱువఁగోరినను, నాఁటి భక్తులు మఱుఁగుపఱుపలేదు. ఎన్నిక గెలుచుట కది యావశ్యకమని వారు తలఁచిరి. మిత్రుఁడు దేనిని దాఁచెనో, దేనిని దాఁచ నక్కఱలేదనుకొనెనో, రెండును ఆ కాలపు మనస్సునకు సాక్ష్యములే.

వర్ణనలయందు పక్షపాతము మఱింత చిత్రముగాఁ గనఁబడును. ఒట్టావా సభ ముగియఁగానే రిపబ్లికనులు లింకనును భుజములపై నెత్తుకొని యూరేఁగించిరి. అది విజయోత్సవమని వారి మాట. డగ్లసు పిమ్మట నొక సభలో, తన ప్రశ్నలకు లింకను మోఁకాళ్లు వడఁకుటచేత నతనిని మోసికొని పోవలసివచ్చెనని చెప్పెను. లింకను జోన్సుబరో సభలో దీనిని బ్రస్తావించి పరిహసించెను. ఇచ్చట సంఘటన యొక్కటే. ఎత్తుకొని పోయిరనుటలో నెవ్వరికిని వివాదము లేదు. స్తుతిచేయువాఁడు స్తుతిని, నిందించువాఁడు నిందను దానియందే కనుఁగొనిరి. మీమాంసకులు అర్థవాదమును స్తుతి, నింద యని విభజించి, దాని తాత్పర్యము విధియందు గాని స్వార్థమునందు గాదని నిర్ణయించిరి. పక్షలేఖకుని విధి యొక్కటే: “మా వానికి ఓటు వేయుఁడు.” తక్కిన వర్ణన యంతయు దాని కంగము. ఇది యెఱిఁగి చదువువాఁడు మోసపోఁడు. ఇరుపక్షములును విడువని యంశమును గ్రహించి, తక్కిన దానిని అర్థవాదముగాఁ దలఁచును.

ఆ ఒట్టావా సభలోనే మఱియొక విషయము జరిగినది. 1854లో స్ప్రింగుఫీల్డున రిపబ్లికనులు చేసిన తీర్మానములని డగ్లసు కొన్నింటిని జదివి, వానికి లింకను బాధ్యుఁడని నిలదీసెను. అవి స్ప్రింగుఫీల్డువి గావని, వేఱొకచోట జరిగిన చిన్నసభలోనివని ట్రిబ్యూనువారు వెదకి బయటఁబెట్టిరి. డగ్లసు తనకు మిత్రమైన స్ప్రింగుఫీల్డు పత్రిక సంపాదకుని మాటను నమ్మి యట్లు చదివితినని చెప్పుకొనవలసివచ్చెను. ఇందుఁ దెలియవలసినది గొప్పది. డగ్లసును దప్పుదారి పట్టించినది మిత్రుని వ్రాఁత. తప్పును సవరించినది శత్రువు వ్రాఁత. పక్షలేఖకునకుఁ దన నాయకుని తప్పు కనఁబడదు గాని, ఎదిరివాని తప్పు వేయికన్నులతోఁ గనఁబడును. అందుచేత నొక్క పక్షమే వ్రాయు దేశమునఁ దప్పులు నిలిచిపోవును. రెండు పక్షములును వ్రాయు దేశమున నొకరి తప్పు నొకరు దిద్దుదురు.

పక్షలేఖకుఁడు చూచియు వ్రాయనిది యేమి యను ప్రశ్నకును ఈ ప్రచారమున నొక సమాధానము దొరకును. హెన్రీ విల్లార్డు అను జర్మనుదేశీయుఁడు న్యూయార్కునందలి యొక జర్మను పత్రికకు వ్రాయుచు, డగ్లసు పక్షమున నా ప్రచారమును వెంబడించెను. ఒకనాఁటి రాత్రి పెనుగాలివానలో నొక చిన్న రైలుస్టేషనునొద్ద నతఁడును లింకనును సరకుల పెట్టెబండిలోఁ దలదాఁచుకొనిరి. సెనేటరు పదవికిఁ దాను చాలుదునా యని తనకే సందేహమని, భార్య మాత్రము తాను సెనేటరే గాక దేశాధ్యక్షుఁడు గూడ నగుదునని పట్టుపట్టుచున్నదని చెప్పి లింకను నవ్వెనఁట. ఈ కథ 1904లో వెలువడిన విల్లార్డు స్వీయచరిత్రమునఁ గలదు. ఎదుటిపక్షమువాఁడు చీఁకటిలోఁ బ్రక్కనఁ గూర్చుండి తన యల్పత్వమును దానే చెప్పుకొని నవ్వినపుడు, వానిని శత్రువుగాఁ జూచుట కష్టము. ప్రచారపు వేఁడిమి చల్లాఱిన పిదపఁ బక్షలేఖకుఁడు స్మృతికారుఁడగును. అప్పటి వ్రాఁతకు విలువ వేఱు, తూనికయు వేఱు.

ఇంతవఱకుఁ జెప్పిన యుపయోగమున కంతకు నొక నియమము మూలము. లేఖకుని పక్షము పాఠకునకుఁ దెలిసియుండవలయును. ట్రిబ్యూను ఎవరిదో, టైమ్సు ఎవరిదో ఇల్లినాయిలోని రైతు లందఱు నెఱుఁగుదురు. తెలియనిచో ఏమగును? 1791లో ఫిలిప్ ఫ్రెనో అను కవి ‘నేషనల్ గెజెటు’ అను పత్రికను స్థాపించెను. అతనికి విదేశాంగమంత్రి యగు జెఫర్సను తన కార్యాలయమున భాషాంతరీకరణోద్యోగ మిచ్చియుండెను. ఆ పత్రిక జెఫర్సను ప్రత్యర్థి యగు హామిల్టను రాజ్యతంత్రమును ఖండించుచుండ, ఈ జీతపు సంగతిని 1792లో హామిల్టను బయటఁబెట్టెను. 2004లో దక్షిణ డకోటా రాష్ట్రపు సెనేటు పోటీలో జాన్ థూను ప్రచారసంఘము, అంతర్జాలమున దినదినము వ్రాయు ఇద్దఱకు ధన మిచ్చినది. ఆ సంగతి వారి పుటలు చదువువారికిఁ దెలుపఁబడలేదు. ఆ పోటీలో థూను 5,000 లోపు ఓట్ల యాధిక్యముతో గెలిచెను. న్యాయభాష్యకారుఁడు ఆప్తుని లక్షణము చెప్పుచు, వస్తువును సాక్షాత్తుగాఁ దెలిసికొనుటయు, తెలిసినదానిని తెలిసినట్లు చెప్పఁగోరుటయు నని రెంటిని నిర్దేశించెను. పక్షలేఖకునియందు రెండవ లక్షణము స్వల్పము. అది తెలిసియే పాఠకుఁడు తూఁచుకొనును. పక్షమును దాఁచినవాఁడు ఆ తూనికరాళ్లనే దొంగిలించుచున్నాఁడు. మొదటివాఁడు విమర్శకుఁ బాత్రుఁడు. రెండవవాఁడు నిందకుఁ బాత్రుఁడు.

యంత్రములు వచ్చిన పిదప ఈ పాఠభేదముల బాధ తీఱినదని తలఁచువారు గలరు. 2006 ఆగస్టు 11న వర్జీనియా రాష్ట్రమున, సెనేటరు జార్జి ఆలెను ప్రచారసభ యొకటి జరిగెను. ప్రత్యర్థి జిమ్ వెబ్బు పక్షమున నొక యువకుఁడు చలనచిత్రయంత్రముతో ఆలెను సభలను వెంబడించుచుండెను. అతఁడు వర్జీనియాలోనే పుట్టిన భారతసంతతివాఁడు. ఆలెను వేదికమీఁదనుండి యతనిని వ్రేలితోఁ జూపి, ‘మకాకా’ యని పిలిచి, అమెరికాకు స్వాగతము చెప్పెను. ఆ పదము ఒక కోఁతిజాతికి శాస్త్రనామము. ఆ దృశ్యము కొలఁది దినములలో దేశమంతటఁ బ్రాఁకెను. అది తాను కల్పించిన యర్థములేని పదమని ఆలెను చెప్పినను, పిదప క్షమాపణము చెప్పుకొనెను. నవంబరులో వెబ్బు 10,000 లోపు ఓట్ల యాధిక్యముతో గెలిచెను. దానితో సెనేటునందలి యాధిక్యమే చేతులు మాఱెను. 1858లో నొక పదము పలికిరా లేదా యని రెండు పత్రికలు సంపాదకుల కలములతోఁ గలహింపవలసివచ్చెను. ఇచ్చట నట్టి కలహమునకుఁ దావు లేదు. శబ్దము నిశ్చితము, వివాదము అర్థమునకే పరిమితము.

కాని యంత్రము పాఠభేదమును దొలఁగించినదే గాని, పక్షమును దొలఁగింపలేదు. ఆ యంత్రము ఆలెనువైపే తిరిగియుండెను. వెబ్బువైపు దానిని ద్రిప్పినవాఁడు ఆ యువకుఁడు గాఁడు. దినములకొలఁది ప్రసంగములలో లోకమునకుఁ జూపఁబడినది ఒక నిమిషపు ముక్క. నైయాయికులు కథను వాదము, జల్పము, వితండ యని మూఁడుగా విభజించిరి. సత్యనిర్ణయమునకై చేయునది వాదము. గెలుపునకై చేయునది జల్పము. తన పక్షమును స్థాపింపక యెదిరి పక్షమును ఖండించుటయే పనిగాఁ బెట్టుకొన్నది వితండ. ఏడు సభలలో డగ్లసును లింకనును చేసినది జల్పమే యైనను, ప్రతివాఁడును స్వపక్షమును స్థాపింపవలసి యుండెను. వారి లేఖకులు మూఁడు గంటల ప్రసంగమును బూర్తిగా వ్రాసి, ఇరువురి మాటలను అచ్చువేసిరి. ఎదిరివాని తప్పుకొఱకే కాచుకొనియుండు యంత్రము వితండకుఁ బరికరము. దానివలన సత్యము దొరకవచ్చును, దొరకినది. సిద్ధాంతము మాత్రము దొరకదు.

ఇచ్చట నొక పూర్వపక్షము కలదు. ఇంత తూనిక యేల? ఏ పక్షమునందును జేరని లేఖకులనే నమ్మినఁ జాలదా యని. 1972 నాఁటి అధ్యక్షప్రచారమును వెంబడించిన పత్రికాలేఖకులను గుఱించి టిమొథీ క్రౌసు 1973లో నొక గ్రంథము ప్రకటించెను. పెక్కండ్రు లేఖకులు ఒకే బండిలోఁ దిరిగి, ఒకేచోట భుజించి, ఒకరేమి వ్రాసిరో మఱియొకరు విచారించి, తుద కందఱు నించుమించుగా నొకే మాట వ్రాయుట నాతఁడు వర్ణించెను. పక్షము లేకుండుటచేతనే పాఠము శుద్ధము గాదు. నూఱు ప్రతులు ఒకే మాతృకనుండి వ్రాయఁబడినచో, వాని యైకమత్యము నూఱు సాక్ష్యములు గాదు, ఒక్క సాక్ష్యమే. పరస్పరము విరోధించు రెండు ప్రతులు విమర్శకున కంతకంటె మేలు.

కావున సిద్ధాంత మిది. ప్రచారమును వెంబడించు పక్షలేఖకుఁడు ఎదిరివాని దోషమునకు మంచి సాక్షి, తన నాయకుని గుణమునకుఁ జెడ్డ సాక్షి. వాని పాఠము ఒంటరిగా ననర్థకము. విరోధిపాఠముతోఁ గలిపి చదివినచో నమూల్యము. తన పక్షమును దెలిపినంతవఱకే యాతనికి గౌరవము. పాఠశాలలలో లింకను-డగ్లసు వాదములను వాగ్ధాటికి మాదిరిగా బోధించు పండితులు, 1860 నాఁటి నున్నని పాఠము నొక్కదానినే విద్యార్థుల చేతి కీయక, ట్రిబ్యూను టైమ్సుల పాఠములు ఒక పుటయైనను ప్రక్కప్రక్కన నుంచి చదివించినచో, ఒక మహావక్త యెట్లు మాటాడెనో తెలియుటయే గాక, మఱునాఁటి యుదయమున తమ యింటికి వచ్చు పత్రిక నెట్లు చదువవలయునో కూడ వారికిఁ దెలియఁగలదు.